గోడ మీద యాపచెట్టు

చెప్పులు విప్పి పక్కన పెట్టు. గోవ కర్ర మీద నిలబడాలంటే కాలివేళ్లు కర్రను పట్టుకోవాలి. చెప్పులుంటే ఆ పట్టు దొరకదు.

పొద్దున పావు తక్కువ ఆరు. ఖైరతాబాద్‌లో ఆటో కూడా తిరగని ఓ గల్లీ. నీ ముందు 35 అడుగుల ఎత్తున బోడి గోడ. మూడంతస్తుల ఇల్లు, గల్లీలోంచి చూస్తే దాని పక్కభాగం ఇది. గోడకు ఆనించి నిన్న సాయంత్రమే సరివి కర్రలతో గోవ కట్టారు. కొబ్బరితాడు ముడులు ఇంకా పచ్చిగా, పీచు లేచి ఉన్నాయి. కర్రను చేత్తో ఊపి చూడు. కదులుతుంది. కదలాలి కూడా. బిర్రుగా బిగిసిన గోవ విరుగుతుందట, కాస్త ఊగే గోవ నిలబడుతుందట. ఆ మాట చెప్పిన మనిషి నీ వెనకే బీడీ వెలిగిస్తున్నాడు.

ఆయన మేస్త్రి. ఒకప్పుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హాళ్లకు సినిమా బ్యానర్లు రాసినవాడు. గీయడం అనడు, రాయడమే అంటాడు. కోరా గుడ్డ మీద గడులు కొట్టి, పొడి రంగు అవిసె నూనెలో కలిపి, హీరో ముక్కును మనిషంత పొడుగున రాసినవాడు. 2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. నాలుగైదేళ్లలో ఆయన కుంచెకు పని లేకుండా పోయింది. ఇప్పుడు ఇళ్లకు సున్నాలు వేస్తాడు. నువ్వు ఆర్ట్ కాలేజీలో చదివి వచ్చావు, గోడ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. అందుకే ఆయన్ని పిలిచావు.

నడుముకు సేఫ్టీ బెల్టు బిగించుకో. దాని తాడు పైకి పోయి మిద్దె మీది పిల్లరు ఊచలకు కట్టి ఉంది. ఈ ఊళ్లో ఏ బస్తీ మిద్దె చూసినా ఆ ఊచలు కనిపిస్తాయి, ఇంకో అంతస్తు ఎప్పుడో ఒకప్పుడు వేయకపోతామా అని వదిలేసినవి. తుప్పు పట్టాయి. మేస్త్రి రాత్రే ఎక్కి ఒక్కొక్కదాన్నీ కాలితో తన్ని చూసి, తన్నుకు ఊగనిదానికే తాడు కట్టాడు.

ఎడమ చివర ఒక కర్రకు ఎర్ర గుడ్డ కట్టి ఉంది చూశావా? అది దాటకు. అక్కడి నుంచి ఎనిమిది అడుగుల్లో కరెంటు తీగ పోతోంది. కర్రకు కరెంటు పాకదని నీకు తెలుసు. తడిసిన కర్రకు పాకుతుందని మేస్త్రికి తెలుసు.

ఎక్కు.

*

మూడో అడ్డకర్ర దగ్గర, నీ చెవి పక్కనే, ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఊచల వెనక ముసలావిడ, చేతిలో చాయ్ గ్లాసు.

"ఏం గీస్తవ్ బిడ్డా?"

ఫోన్ తీసి స్కెచ్ చూపిస్తావు. ఒక ఆడమనిషి ముఖం, పెద్ద బొట్టు, గోడంతా ఆ కళ్లే. రెండు నెలలు కూర్చుని గీసిన స్కెచ్ అది. అవ్వ ఫోన్‌ను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూస్తుంది.

"మంచిగనే ఉంది. గని గింత పెద్ద ముఖం నాకేంటికి? పొద్దుగాల లేస్తే నా ముఖమే నేను చూస్తలేను."

కింద గల్లీలో ఎవరో నవ్వుతారు. నీ చెవులు వేడెక్కుతాయి. ఆవిడ చాయ్ ఊదుకుంటూ, నీ వీపు వెనకున్న ఖాళీ జాగాలోకి గడ్డంతో చూపిస్తుంది.

"గీడ యాపచెట్టుండె. గోడకు ఆనుకొని. ఉగాదికి గల్లీ అంత ఈడికే వచ్చి పువ్వు దులుపుకొని పోతుండె. కొట్టేసిన్రు. ఇప్పుడు యాపపువ్వు కూడ కొనుక్కునుడే."

వెనక్కి తిరిగి చూస్తావు. 200 గజాల జాగా. విరిగిన కుర్చీ, ఇసుక కుప్ప, నాలుగు మూలలా సున్నం కొట్టిన హద్దురాళ్లు. గోడకు దగ్గరగా నేలలో గుండ్రటి మచ్చ ఒకటి, మట్టి రంగు కొంచెం వేరుగా. మొద్దు ఉన్న చోటు.

ఇక్కడ నీ ముందు రెండు దారులు. స్కెచ్ నీది. కష్టపడి గీశావు, నీకు నచ్చింది, నీ పోర్ట్‌ఫోలియోలో బాగుంటుంది. చెట్టంటే నీకు కాస్త నామోషీ. స్కూలు గోడ మీద గీసేది చెట్టు. కానీ ఈ గోడను రోజూ చూసేది నువ్వు కాదు. నువ్వు పది రోజులుండి పోతావు. ఆవిడ కిటికీ తెరిచినప్పుడల్లా గోడ అక్కడే ఉంటుంది.

ఇక్కడి నుంచి కాసేపు నడిస్తే ఎం.ఎస్. మక్తా వస్తుంది. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు ఆర్టిస్టులను తీసుకొచ్చి అక్కడి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించారు. కాలేజీ రోజుల్లో నువ్వు అక్కడ తిరిగావు. తలుపు తీసి బయటికొచ్చిన మనిషికి తన గోడ మీద తనలాంటి మనిషే కనిపించడం చూశావు. స్వాతి, విజయ్ దంపతులు ఈ ఊరి గోడల మీద తెలంగాణ ఆడవాళ్ల ముఖాలు ఎంత బాగా రాశారంటే, నిజం చెప్పాలంటే నీ స్కెచ్‌లో ఆ ముఖాల నీడ కొంత ఉంది. ఆ సంగతి నీకూ తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి ఒప్పుకోలేదు, అంతే.

ఫోన్ జేబులో పెట్టేస్తావు.

"ఎంత పెద్దగుండె అవ్వా, చెట్టు?"

"మిద్దె దాటి."

*

ముందు గోడ ఏమంటుందో వినాలి.

అరచెయ్యి ఆనించు. చల్లగా ఉందా? చల్లదనం వేరు, చెమ్మ వేరు. ఒక పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రాత్రంతా వదిలెయ్. పొద్దున లోపలి వైపు నీటిబొట్లు కనిపిస్తే గోడ ఇంకా నీళ్లు కక్కుతోందని అర్థం. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఏడాదిలో అప్పడంలా లేచిపోతుంది. వానాకాలం వెళ్లి నెలలైంది, చలి కూడా పోయింది. గోడలు పొడిబారి, ఎండ ఇంకా ముదరని ఈ ఫాల్గుణమే గోడ పనికి అదను. ఆర్టిస్టులు ఈ రోజుల్లో గోడలెక్కేది అందుకే. మే నెలలో ఎక్కితే కుంచెలోనే రంగు ఎండిపోతుంది.

పాలిథీన్ పొడిగానే ఉంది. ఇనుప బ్రష్‌తో గీకు. పాత సున్నం ముఖం మీద రాలుతుంది, కళ్లు మండుతాయి. రాలిన పొరల కింద ఎవరో ఎప్పుడో రాసిన ఎన్నికల రాత తొంగిచూస్తుంది, ఎర్ర రంగులో సగం అక్షరం. దాని కింద నీలం. దాని కింద ఇంకేదో. లేపాక్షి గుడి పైకప్పు మీద పదహారో శతాబ్దంలో బొమ్మలు వేసినవాళ్లు కూడా ఇలాగే మొదట సున్నపు గచ్చు నున్నగా చేసుకుని, ఆ తర్వాతే కాషాయం, పసుపు, నలుపు అందుకున్నారు. తేడా ఏమిటంటే వాళ్ల గచ్చు వాళ్లే వేసుకున్నారు. నీ గచ్చు ఎవడో కాంట్రాక్టరు వేసి పోయాడు, ఇసుక ఎక్కువ, సిమెంటు తక్కువ. పుట్టీ పెట్టి పూడుస్తావు. ప్రైమరు కొడతావు. రెండు రోజులు గోడ తెల్లగా, వెర్రిగా, గల్లీ మొత్తాన్ని చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు కొత్తగా గీసుకున్న చెట్టును ఫోన్‌లోంచి గోడ మీదికి తేవాలి. ఎలా? మేస్త్రి సుద్దపొడి అద్దిన దారం తీస్తాడు. ఫొటో మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి, ఆయన ముప్పై ఏళ్ల లెక్క అది. నీ దగ్గర వేరే ఉపాయం ఉంది. గోడ నిండా పిచ్చిగీతలు గీయాలి. ఒకదానిలా ఇంకోటి ఉండకూడదు. అప్పుడు గోడను ఫొటో తీసి, ఫోన్‌లో స్కెచ్‌ను దాని మీద పరిస్తే, ఏ కొమ్మ ఏ గీత దగ్గర వంగాలో తెలిసిపోతుంది.

"గడులు గొడితే అయిపోయేదానికి గీ పిచ్చి పనేంది?" అంటాడు మేస్త్రి.

కానీ గల్లీ పిల్లలకు ఆ పిచ్చి పని భలే నచ్చుతుంది. క్రేయాన్లు పంచుతావు. అందినంత ఎత్తు వరకు వాళ్లే గీస్తారు: చేప, చంద్రుడు, పేర్లు, గాలిపటం, ఎవడో టీచరు. అందని చోట్లకు నువ్వు ఎక్కుతావు, వాళ్లు కింద నుంచి అరుస్తారు.

"అక్కా, లారీ! నాకు లారీ! గా మీద!"

అన్నిటికన్నా పైన, 30 అడుగుల దగ్గర, నీలం క్రేయాన్‌తో లారీ గీస్తావు. ఆరు చక్రాలు. పది పెట్టమంటాడు. పది పెడతావు.

*

నాలుగో రోజు మధ్యాహ్నం మేస్త్రి అన్నం డబ్బా మూత పెడుతూ మామూలుగా అంటాడు:

"ఈ జాగల ఇల్లు లేస్తది, ఎరికేనా?"

నీ చేతిలో ముద్ద ఆగిపోతుంది.

"ఎప్పుడు?"

"ఓనరుకే ఎరుక. ఈ ఏడో, వచ్చే ఏడో. అవ్వ కిటికీ గూడ బంద్ అయితది."

పైకి చూస్తావు. అవ్వ కిటికీకి తడి టవల్ ఆరేసి ఉంది. ఆవిడకు తెలుసు. గల్లీకంతా తెలుసు. నీకు తప్ప.

తెల్లటి గోడ, పిల్లల గీతలు, ఇరవై లీటర్ల రంగు డబ్బాలు. ఆపేసి ఇంకో గోడ వెతుక్కోవచ్చు. ఉగాదికి ఇంకా ఆరు రోజులుంది. ఆ రోజు ఈ గల్లీలో చిన్న ప్రదర్శన పెడుతున్నారు. చుట్టుపక్కల ఆర్టిస్టులు తమ బొమ్మల్ని బట్టలారేసే తాళ్లకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తారు, అంతే, రిబ్బను కత్తిరింపులు లేవు. మెయిన్‌రోడ్డు మీద మంచి గోడ ఒకటి దొరకొచ్చు.

"మీరైతే ఏం చేస్తారు మేస్త్రీ?"

ఆయన పళ్లు కుట్టుకుంటూ ఆలోచిస్తాడు. "సినిమా రెండు వారాలాడితే బ్యానరు రెండు వారాలుండె. శుక్రారం దింపి, తెల్ల రంగు కొట్టి, దాని మీదనే ఇంకో హీరోను రాస్తుంటిమి. ఒక్క గుడ్డ మీద ఎందరు హీరోలున్నరో నాకే ఎరుకలేదు."

కాసేపాగి అడుగుతాడు. "మీ కాలేజీల గోడ నేర్పరా?"

నేర్పిన చోట్లున్నాయి. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ ఇక్కడ చదువు ముగించి, 1963లో బరోడా వెళ్లి, కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రమే నేర్చుకున్నాడు. ఇదంతా మేస్త్రికి చెప్తావు. ఆయన ఎదురు ఇంకో సంగతి చెప్తాడు: చిత్రకారుడు హుసేన్ సాబ్ కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసి పొట్టపోసుకున్నవాడేనని. అది నీకు తెలుసు. కానీ ఆయన నోట, ఆ గర్వంతో వినడం ఇదే మొదలు.

డబ్బా మూత తెరుస్తావు. ఆకుపచ్చ.

*

ఇక రోజులు గోడ చెప్పినట్టే నడుస్తాయి. దక్షిణపు గోడ ఇది. పొద్దున ఆరు నుంచి పది దాకా నీది, మధ్యాహ్నం సూర్యుడిది, నాలుగు తర్వాత మళ్లీ నీది. రెండింటికి చెయ్యి పెట్టి చూడు, పెనం. ఆ వేడిలో వేసిన రంగు గోడను పట్టకముందే ఎండి, కుంచె గీత గీతగా మిగిలిపోతుంది.

మొదలు మామూలుగానే వచ్చేసింది. నల్లటి బెరడు, నిలువు పగుళ్లు. అవ్వ కిటికీ చుట్టూ కొమ్మ చీలి, రెండు వైపులా పైకి పోతుంది. ఆకుల దగ్గర మొదటి దెబ్బ తింటావు. ముదురాకుపచ్చ కొట్టేసి కిందికి దిగి చూస్తే అది వేపచెట్టు కాదు, ఏదో చెట్టు. మేస్త్రి ఏమీ అనడు. సైకిల్ మీద నిన్ను రోడ్డవతలికి తీసుకెళ్లి నిజమైన వేపచెట్టు కింద నిలబెడతాడు. తల ఎత్తి చూస్తావు. కొత్త చిగురు పచ్చగా లేదు. ఎర్రగా, రాగి చెంబు తోమినట్టుంది. ఆ ఎరుపు పక్కనే లేత పచ్చ, దాని మధ్య తెల్లటి పూత. తేనెవాసన. ముప్పై ఏళ్లుగా ఈ చెట్ల కింద నడుస్తున్నావు. ఒక్కసారీ చూడలేదు.

పువ్వు దగ్గర అసలు కష్టం. వేపపువ్వు ఎంతుంటుంది? చిటికెనవేలి గోరంత. 30 అడుగుల ఎత్తున, జాగా అవతలి చివర నిలబడ్డవాడికి అది ఏమీ కాదు, దుమ్ము. పెద్దది చేస్తే మల్లెపువ్వవుతుంది. సన్న కుంచెతో మూడు గంటలు చుక్కలు పెట్టి దిగి చూస్తావు. చెట్టుకు చీడ పట్టినట్టుంది.

మేస్త్రి కుంచె లాక్కుంటాడు. గుత్తి పడాల్సిన చోట ముందు తెల్ల రంగు దట్టంగా మెత్తేస్తాడు, అరచేతులంత అరచేతులంత మరకలు. ఆరనిస్తాడు. ఆ తర్వాత ముదురు పచ్చ తీసుకుని ఆ తెలుపులోకి లోపలికి పొడుస్తాడు, ఆకు మొనలా, సందు సందుకు. మిగిలిన తెలుపు పువ్వవుతుంది.

"హీరోయిన్ మెడల ముత్యాల దండ గిట్లనే రాస్తుంటిమి," అంటాడు. "ముత్యం రాయం. సందు రాస్తం."

*

తొమ్మిదో రోజు. రేపు ఉగాది. ఇవ్వాళ అమావాస్య, అమాస నాడు కొత్త పని పెట్టొద్దని మేస్త్రి పొద్దున్నే అన్నాడు. కొత్త పనేం కాదు, పాత పని ముగింపేనని నువ్వన్నావు.

చెట్టు తలకాయ ఒక్కటే మిగిలింది. గోవ పై వరస మీద, 28 అడుగుల ఎత్తులో చెక్కబల్ల, దాని మీద నువ్వు, పక్కన తెల్ల రంగు బకెట్టు. నాలుగుంపావు. ఇందాకే తెలుపు మెత్తడం అయింది. ఆరాలంటే అరగంట. ఆ తర్వాత సందులు పొడవాలి.

గాలి ఆగిపోయింది. గమనించావా? తాళ్లకు వేలాడదీసిన కాగితం జెండాలు కదలడం మానేశాయి. చెమట వీపు మీద నిలిచిపోయింది. పైన గద్దలు ఎప్పటిలా తిరగడం లేదు, కిందికి దిగుతున్నాయి. పడమట, ఇళ్ల మధ్య సందులోంచి కనిపించే ఆకాశం ముక్క సిలిండరు అడుగు రంగులో ఉంది.

వసంతంలో ఈ ఊరికి ఇది మామూలే. పగలంతా నేల కాగుతుంది, ఎక్కడి నుంచో తేమ వచ్చి చేరుతుంది, సాయంత్రం రెండూ కలిసి తెగబడతాయి. మామిడి తోటలవాళ్లు ఈ రోజుల్లో ఆకాశం చూసే చూపే వేరు. నీకు తోట లేదు. అందుకే చూడలేదు.

కింద నుంచి ఈల.

"దిగు బిడ్డా!"

"పది నిమిషాలు మేస్త్రీ! ఈ మూల అయిపోతది!"

ఆ మూల చూడు. రెండు జానల తెలుపు. ఆరబోతోంది. వాన పడితే ఇది మొత్తం కారుతుంది. తొందరగా పచ్చ వేస్తే పువ్వు నిలుస్తుందేమో. నిలవదు. తడి మీద తడి వేస్తే బురదే. అది నీకు తెలుసు. అయినా కుంచె ముంచుతావు.

"దిగమంటున్న!"

దుమ్ము వాసన. ముక్కులోకి కాదు, నోట్లోకి.

ఒక రేకు ఎక్కడో లేచి కొట్టుకుంది.

గాలి.

మొదటి దెబ్బకు గోవ గోడ నుంచి వెనక్కి వంగుతుంది. అరచెయ్యంత సందు. మళ్లీ గోడకు కొట్టుకుంటుంది. పళ్లు కదులుతాయి. బకెట్టు జారింది. పట్టుకోబోకు. పోనీ. తెల్ల రంగు గాల్లో పలచగా విచ్చుకుని గోడ మీద పడుతుంది.

కర్ర పట్టుకో. రెండు చేతులా.

చినుకు. పెద్దది. చల్లనిది. ఇంకోటి. చినుకు కాదు, రాయి. భుజం మీద తగిలింది. రాళ్లవాన.

కిందికి చూడు. 28 అడుగులు. కర్రలు తడుస్తున్నాయి. ఎడమ చివర ఎర్ర గుడ్డ తీగ వైపు ఎగురుతోంది. గోవ ఆ వైపే ఊగుతోంది. ఎనిమిది అడుగులు. ఆరా? తీగ కూడా ఊగుతోంది.

దిగాలి. కాలు కింది కర్ర కోసం వెతుకుతుంది. దొరకదు. దొరికింది. జారింది.

"మీదికి!"

మేస్త్రి గొంతు. గాలిలో ముక్కలుగా వస్తోంది.

"కిందికొద్దు! మీదికి! మీదికెక్కు!"

మీదికా? శరీరం ఒప్పుకోదు. భయం కిందికే లాగుతుంది. కానీ లెక్క చూడు. కిందికి 28. మీదికి ఏడు. తాడు పైనుంచి వస్తోంది. దిగితే దాని ముడి దూరమవుతుంది. ఎక్కితే దగ్గరవుతుంది.

ఎక్కు.

కుడి చెయ్యి. పై కర్ర. తడి.

ఎడమ చెయ్యి.

మోకాలు కర్రకు రాసుకుపోయింది. మంట. తర్వాత చూసుకో.

కాళ్ల కింద బల్ల లేచింది. లేచి, తిరిగి, పోయింది. చప్పుడు కోసం ఆగకు.

ఇంకో కర్ర.

గోవ వంగుతోంది. ఆగు. గోడకు తిరిగొచ్చే దాకా ఆగు.

ఇప్పుడు.

పిట్టగోడ. మోచేయి వెయ్యి. రెండోది. తాడు పట్టి లాగు. పొట్ట మీద పాకు.

సిమెంటు. మిద్దె.

పడుకో. అలాగే. తల చేతుల్లో పెట్టుకో.

*

రేగుపండంత రాళ్లు మిద్దె మీద ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్ల ట్యాంకు డప్పులా మోగుతోంది. నువ్వు పిల్లరు ఊచల పక్కన ముడుచుకుని ఉన్నావు. తాడు చుట్టిన ఊచ నీ చెంపకు తగులుతోంది. తుప్పు వాసన. దాన్ని వదలాలనిపించడం లేదు.

పావుగంటలో అంతా అయిపోతుంది. ఎప్పుడూ అంతే. ఎండ కూడా వస్తుంది, సిగ్గులేకుండా.

మెట్ల మీద దబదబా అడుగులు. మేస్త్రి. ముందు నీ రెండు చేతులూ తిప్పి చూస్తాడు, తర్వాత మోకాలు, తర్వాత తిట్లు మొదలుపెడతాడు. అవి ఇక్కడ రాయదగినవి కావు. నీ ఈడు మనవరాలు ఉన్నదన్న సంగతి ఆ తిట్ల మధ్యలోనే తెలుస్తుంది.

"బల్ల... ఎవరికైనా..."

"ఎవలకు తగలలే. గాలి రాకముందే గల్లీకి అడ్డం తోపుడుబండి పెట్టిన."

అంటే ఆయన ఈల వేసి ఊరుకోలేదు. నువ్వు పది నిమిషాలని బేరమాడుతుంటే, ఆయన పిల్లల్ని లోపలికి తోసి, దారి మూసి, ఆ తర్వాతే తల ఎత్తి నిన్ను మళ్లీ పిలిచాడు. పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి చూస్తావు. బల్ల జాగాలో రెండు ముక్కలై ఉంది. చెట్టు తలకాయ లేదు. తెలుపు మొత్తం కారిపోయి, చారలు చారలుగా కొమ్మల మీదుగా, కిటికీ మీదుగా, మొదలు దాకా పారింది. కొమ్మ మీద పిట్టలు రెట్ట వేసినట్టుంది. ఇంకోలా చెప్పడానికి నోరు రావడం లేదు.

*

ఉగాది పొద్దున నాలుగున్నరకే ఇద్దరూ గోడ దగ్గరున్నారు. గోవ ముడులన్నీ మేస్త్రి కొత్తగా కట్టాడు. ఎడమ చివర రెండు కర్రలు తీసేశాడు, తీగకు దూరంగా. రాత్రే గోనెసంచి తడిపి, చారలు ఆరి గట్టిపడకముందే రుద్దారు. చాలావరకు పోయాయి. మొదలు మీద కొన్ని మిగిలాయి. అవి బెరడులో కలిసిపోయాయని చెప్పుకోవచ్చు. కలవలేదు.

పైకెక్కుతావు. కాళ్లు వణుకుతున్నాయి, ఎక్కుతావు. తెలుపు కారిపోయిన చోట ప్రైమరు బయటపడింది. దాని మీద నీలం క్రేయాన్. పది చక్రాలు.

కింద నుంచి అప్పుడే నిద్ర లేచిన గొంతు. "అక్కా! నా లారీ!"

"దీని మీద పూలు రావాలిరా."

"వద్దు!"

బేరం. ఆఖరికి ఒక చక్రం వదిలేయడానికి ఒప్పందం కుదురుతుంది. మిగతాదంతా తెలుపు, ఆ పైన సందుల పచ్చ. ఎనిమిదింటికి పూత నిలుస్తుంది. ఆ నీలం చక్రం ఆకుల మధ్య పిట్ట కన్నులా ఉంది. పిట్ట మాత్రం లేదు.

"ఇది అన్నిటికన్నా పెద్ద బొమ్మనా?" అంటాడు వాడు. కాదురా. ఢిల్లీలో అప్పటి పోలీసు హెడ్‌క్వార్టర్స్ గోడ మీద 2014లో గాంధీని వేశారు. 150 అడుగులు, క్రేన్ మీద నిలబడి. వాడు 150ని లారీల్లోకి మార్చుకోవడానికి వేళ్లు లెక్కపెట్టుకుంటూ పోతాడు.

తొమ్మిదికల్లా తాళ్ల మీద బొమ్మలు ఎక్కుతాయి. నీటిరంగుల చార్మినార్లు మూడు, ఒక బోనాల బొమ్మ, ఎవరో అమ్మాయి తన వీధి కుక్కను పదహారు రకాలుగా వేసిన కాగితాలు. అన్నిట్లో అవే బాగున్నాయి. కొత్త బట్టల్లో మనుషులు తాళ్ల కింద వంగి వంగి నడుస్తారు. అవ్వ స్టీలు గ్లాసులో పచ్చడి పట్టుకుని కిందికి దిగుతుంది. నీ చేతిలో పోస్తుంది. చింతపండు, బెల్లం, ఆ వెనకే నాలుక మీద వేపపువ్వు చేదు.

"ఇరవై రూపాయలకు పిడికెడు," అంటుంది. తల ఎత్తి గోడ పై దాకా చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. "మా చెట్టు గింత సక్కగ లేకుండె. వంకరుండె. ఎడమకు."

మేస్త్రి నీ వైపు చూస్తాడు. నువ్వు ఆయన వైపు చూడవు.

పదకొండు దాటాక ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని జాగాలోకి వస్తారు. ఒకాయన తెల్ల చొక్కా, నుదుట కుంకుమ. ఓనరు. మంచి రోజని కొలత చూసుకోవడానికి వచ్చాడు. ఇసుక కుప్ప పక్కన నిలబడి గోడను చూస్తాడు, చప్పుడు లేకుండా. గల్లీ కూడా చప్పుడు ఆపేస్తుంది.

"రంగు ఎన్నేండ్లుంటది?" అని నిన్నే అడుగుతాడు.

"ఐదేళ్లు. బాగా చూసుకుంటే ఏడు."

"వైశాఖంల ముగ్గు పోస్తున్నం." తప్పు చేసినవాడిలా కాదు, గొప్పగా కూడా కాదు. జాగా ఆయనది.

అంటే నెల. నెలన్నర. సున్నపు గీతలు నేల మీద పడతాయి, గుంతలు తవ్వుతారు, పిల్లర్లు లేస్తాయి. అవ్వ గ్లాసు కడగడానికి లోపలికి పోయింది. విన్నదో లేదో.

మేస్త్రి బీడీ తీసి, వెలిగించకుండా అడుగుతాడు.

"ఎన్ని అంతస్తులు సార్?"

"కింద ఒకటి, పైన రెండు. 32 అడుగులకు స్లాబు ఆపుతం."

మేస్త్రి గోడ వైపు తిరుగుతాడు. పెదాలు కదులుతున్నాయి, లెక్క కడుతున్నాడు. తర్వాత నీకు తెల్ల రంగు డబ్బా అందిస్తాడు.

"మీద గజం మిగుల్తది. దానికి ఇంకో కోటింగ్ కొట్టు."